రెక్క పట్టి లేపిన మనిషి

జబ్బు నుంచి బయటపడ్డవాళ్లు దేవుడికో డాక్టరుకో దండం పెట్టి తమ సంగతి మొదలుపెడతారు. నాకది చేతకాదు. నాకు జరిగిన మేళ్లకంటే నన్ను అన్న మాటలే ఎక్కువ గుర్తుంటాయి. "మందు మర్సినవు గాని, ఒక్క మాటన్న మర్సినవా?" అని నా భార్య సరోజ ఇప్పటికీ అంటుంది. మరవలేదు. ఎవరు, ఏ గడపలో నిలబడి, ఏ మాట అన్నారో ఇప్పుడు అడిగినా చెప్పగలను.

అయినా రాస్తున్నాను. తాగుడు మానాలంటే ముందు మనసు మెత్తబడాలని, అందరినీ క్షమించాలని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ మాట విని నాలాంటి మొండివాడు ఎవడైనా 'అయితే ఇది నా వల్ల కాదు' అనుకొని మళ్లీ దుకాణం వైపు నడుస్తాడేమోనని నా భయం. నేను ఎవరినీ క్షమించకుండానే మానాను. అట్లా కూడా కుదురుతుంది.

2004, ఎండాకాలం

గద్వాలలో మాది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి కూర్చుంటే నడుము దాకా భూమిలో ఉన్నట్టే. గద్వాల చీరకు నడుమ నూలు, అంచుకు పట్టు. అడ్డపోగును మోసే నాడె నూలుకొకటి, ఒక్కో అంచుకు ఒక్కొక్కటి నడపాలి గనుక ఒక్క మనిషితో కాదు. ఇవతల నేను, అవతల సరోజ. నేను విసిరిన నాడెను ఆమె అంచు దగ్గర అందుకొని తిరిగి ఇవ్వాలి. పొద్దున నేను తాగి కూర్చుంటే సాయంత్రం దాకా ఆ వాసన ఆమె ముఖానికే. ఆమె మగ్గం మీంచి లేస్తే చీర ఆగుతుంది, చీర ఆగితే పొయ్యి ఆగుతుంది. నేను తాగుడులో చిక్కుకున్నానని వీధంతా జాలిపడింది. ఆమె ఎక్కడ చిక్కుకుందో ఎవరూ అడగలేదు.

మా పెదనాన్న కొడుకు తిమ్మప్ప మా వీధిలోనే ఉంటాడు. ఆ పేరు మార్చి రాస్తున్నాను, ఎందుకో చివర చెబుతాను. కులానికి పెద్ద. పెళ్లయినా చావైనా ఆయన వచ్చి నిలబడితే గాని పని మొదలవదు. ఆ ఎండాకాలం ఆయన మనుమణ్ణి ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగ చేశారు. పిలిచారు, పోయాను. బంతిలో కూర్చున్నాను. ఆకు వేశారు, అన్నం పెట్టారు, పప్పు పోశారు. కలపబోతుంటే తిమ్మప్ప వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"లెవ్వురా రాఘవా. వాసనొస్తుంది. ఆడోళ్లు కూసున్నరు."

"రెండు బుక్కలు తిని పోత అన్నా."

"లెవ్వమన్ననా లేదా?"

మోచేతి పైన రెక్క పట్టి లేపాడు. చెయ్యి పట్టి లేపితే అది పిలవడం. రెక్క పట్టి లేపితే అది గెంటడం. మావాళ్లలో పగవాణ్ణి బంతికి పిలవకపోవచ్చు గాని, కూర్చుని ఆకులో అన్నం పడ్డాక లేపరు. నేను వాకిలి దాటుతుంటే ఎవరో నవ్వారు. ఎవరో నాకు తెలుసు. ఇక్కడ రాయను.

ఆ రోజు నేను తాగిన మాట నిజమే. కాని ఆ బంతిలో తాగింది నేనొక్కణ్నే కాదని నాకు గట్టి అనుమానం. అనుమానానికి సాక్ష్యం లేదు. నాలుగేళ్లు ఆ అనుమానాన్ని నమిలాను.

2005, వానలు పడ్డాక

మగ్గం మీద పడుగు పోగులపై చీమలు పాకుతున్నాయని సరోజతో అన్నాను. ఆమె వంగి చూసింది. చీమలు లేవు. ఆమె కళ్లలో ఆ రోజు చూసిన భయం నేను అంతకుముందు చూడలేదు. అంచు అతుకు దగ్గర నా చేతులు నిలవడం లేదు. తాగితే నిలిచేవి. అంటే నిలబడడానికి తాగాలి, తాగితే పడిపోవాలి. గుంటలోంచి లేవడానికి మగ్గం కర్ర పట్టుకొని ప్రయత్నిస్తే కాళ్లు రాలేదు. సరోజ చంకల కింద చేతులు వేసి లాగింది.

వనపర్తిలో ఒక దవాఖానకు తీసుకుపోయింది. చీటీ రాసేవాడు అందరిముందు గట్టిగా అడిగాడు, "ఏం రోగం? తాగుడేనా?" వరుసలో ఉన్నవాళ్లు తిరిగి చూశారు. "నోరుందా లేదా, చెప్పు" అన్నాడు. వాడి ముఖం ఇప్పుడు గీయమన్నా గీస్తాను.

లోపలికి పిలిచేదాకా బెంచీ మీద కూర్చున్నాం. నా పక్కన ఒక ముసలమ్మ, కంటికి చూపించుకోవడానికి శ్రీరంగాపూర్ దిక్కు నుంచి వచ్చింది. మూటలోంచి జొన్నరొట్టె తీసి తింటూ నా చేతుల వైపు చూసింది. రొట్టె తుంచి, చాయలో ముంచి, నా నోటికి అందించింది. ఏమీ అడగలేదు. నేను నోరు తెరిచాను. తొట్టెల బంతి తర్వాత పరాయి చేతి తిండి తినడం అదే మొదలు.

"నా కొడుకు గూడ గిట్లనే ఉండె బిడ్డా," అంది. "మాసన్న. ఇప్పుడు మంచిగున్నడు. ఐతారం ఐతారం ఈ ఊర్ల బడికాడ కూసుంటరు, తాగి మానినోళ్లంత."

"కూసొని ఏం జేస్తరమ్మా?" అని సరోజ అడిగింది.

"నాకేం తెల్సు. మాట్లాడుకుంటరట. చాయ తాగుతరు."

మాట్లాడితే తగ్గే జబ్బయితే నాకు ఎప్పుడో తగ్గాలి, నేను మాట్లాడనిదెప్పుడు అనుకున్నాను. దవాఖానలో కొన్నాళ్లు ఉంచి పంపించారు. చేతులు నిలిచాయి. ఇంటికొచ్చిన తర్వాత అవి ఎంతకాలం నిలిచాయో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

2006

గద్వాలలో ముసలమ్మ చెప్పినట్టి మీటింగు లేదు. అడగడానికి కూడా దారి లేదు. ఎవరిని అడిగినా సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. వనపర్తికే పోవాలి. హైవే మీది చౌరస్తాలో బస్సు మారాలి. మారేచోట రోడ్డుకు అవతల మందు దుకాణం. బస్సు వచ్చేదాకా దుకాణానికి వీపు పెట్టి నిలబడేవాణ్ణి. వీపుకు కూడా కళ్లుంటాయని అక్కడ తెలిసింది. తర్వాత కృష్ణ మీది వంతెన, పెబ్బేరు. ముందురోజు సంత నుంచి తోలుకుపోయే ఎద్దులు కొన్నిసార్లు బస్సు దారికి అడ్డం పడేవి. ఆ ఎద్దుల మధ్య బస్సులో ఇరుక్కొని కూర్చుంటే దిగి వెనక్కి పోవడానికి కూడా వీలుండేది కాదు. ఒక్కోసారి అదే నన్ను వనపర్తి చేర్చింది.

బడి గదిలో జంపఖానా పరిచి గోడ వెంబడి వరుసగా కూర్చున్నారు. ఇంటిపేరు అడగలేదు. మా దిక్కు మనిషి కనబడితే మొదట అడిగేది 'ఏ ఇంటోళ్లు?' అనే. ఆ ప్రశ్న రాకపోవడం నాకు వింతగా ఉంది. ఒక్కొక్కరు పేరు చెప్పి, నేను తాగుబోతును అని చెప్పుకొని, తన ముచ్చట చెబుతున్నారు. మిగతావాళ్లు వింటున్నారు. ముసలమ్మ కొడుకు మాసన్న, పల్లికాయ పండించే రైతు, చాయ పోస్తూ అందరినీ నడిపిస్తున్నాడు. నా వంతు వచ్చింది.

తొట్టెల బంతి చెప్పాను. చీటీ రాసినవాణ్ణి చెప్పాను. నా మగ్గం చీరల్లో తప్పులు వెతికే సేటు సంగతి చెప్పాను. పెళ్లినాడు పీటల మీద నన్ను వెక్కిరించిన సరోజ అన్నల సంగతి ఎత్తుకున్నాను. మాసన్న చెంచాతో గ్లాసు మీద కొట్టాడు.

"రాఘవన్నా, తిమ్మప్ప సంగతి తిమ్మప్ప జెప్పుకుంటడు. నీ సంగతి జెప్పు."

"నా సంగతే గదనే చెప్తున్న."

"ఇప్పటిదాంక ఊరోళ్ల సంగతి జెప్పినవు. అండ్ల నువ్వు యాడున్నవు?"

వరుసంతా నవ్వింది. వెక్కిరింపు నవ్వు కాదని ఇప్పుడంటాను. అప్పుడు నాకు అది రెండో బంతి. నా రెక్క ఎవరూ పట్టుకోలేదు, నేనే లేచి వచ్చేశాను. ఇదేం చోటు? ఎదుటివాడి మాట ఎత్తకూడదట. సలహా చెప్పకూడదట. ఇక్కడ విన్నది బయట అనకూడదట. నా దగ్గర ఉన్న సరుకంతా ఎదుటివాళ్ల తప్పులే. అది గడప బయట పెట్టి రమ్మంటే నేను ఒట్టి చేతులతో కూర్చోవాలి.

ఆ ఏడాదే ఇంకో తెలివి చేశాను. మందు మానాను, కల్లు మొదలుపెట్టాను. మా దిక్కు కల్లును మందు కింద జమకట్టరు. బాలింతకు పోసే ఇళ్లున్నాయి, జ్వరం తగ్గిన పిల్లలకు పోసే ఇళ్లున్నాయి. 'మందు ముట్టనని ఒట్టేసిన, కల్లు ముట్టనన్ననా?' అని సరోజతో వాదించి గెలిచాను. చెట్టు దిగిన కల్లు వేరు, ఏదో పొడి కలిపి అమ్మే కల్లు వేరని తెలిసీ తెలియనట్టు తాగాను. ఒకసారి కల్లు దుకాణాలు బందు పెట్టి రెండు రోజులు దొరకలేదు. మెడ ఒక పక్కకు గుంజుకుపోయింది. నాలుక తిరగలేదు. సరోజ నా పక్కన కూర్చుని ఏడుస్తుంటే ఏడవవద్దని చెప్పడానికి నాకు మాట లేదు. అన్ని మాటలున్నవాడికి ఒక్క మాట రాలేదు.

ఈ జబ్బున్నవాళ్లు నా నుంచి ఒక్కటే నేర్చుకోవాలంటే ఇది నేర్చుకోండి. కల్లు కూడా అదే.

2007

మాట తిరిగి వచ్చాక సరోజ ఒకే మాట చెప్పింది.

"నేనిగ అవతల కూసోను. ఇంకెవల్నన్న పెట్టుకో."

అరవలేదు. పుట్టింటికి పోలేదు. వంట చేసింది, వాకిలి ఊడ్చింది. మగ్గం దగ్గరికి మాత్రం రాలేదు. వీధిలో అడిగాను. నా ఎదురుగా కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. సగం నేసిన చీర ముందు గుంటలో కాళ్లు పెట్టుకొని ఒక్కణ్నే కూర్చునేవాణ్ణి. నాడె చేతిలో ఉండేది, విసిరితే అందుకునే చెయ్యి లేదు.

"ఏం జేస్తె కూసుంటవు?" అని అడిగాను.

"వనపర్తికి పో. నువ్వు పోయినన్ని ఐతారాలు నేను కూసుంట. ఒక్కటి తప్పినా లేస్త."

అట్లా మళ్లీ పోయాను. బుద్ధి వచ్చి కాదు. మాసన్న ఏమీ గుర్తులేనట్టు జంపఖానా మీద చోటు చూపించాడు. నేను గుర్తుపెట్టుకున్నాను గనుక ఆ ఏడాది సగం నోరు విప్పలేదు. పేరు చెప్పి ఊరుకునేవాణ్ణి. ఎవరూ గ్లాసు మీద కొట్టలేదు. వింటూ కూర్చోవడం మొదట శిక్షలా ఉండేది. ఒకాయన తన బిడ్డ పెళ్లికి తనే పోలేదని చెప్పాడు. ఇంకొకాయన ఎద్దును అమ్మి తాగిన రోజు చెప్పాడు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఈ పొద్దు ఒక్కటి దాటితే చాలు అనుకొని లేచేవాళ్లం. బస్సు ఎక్కితే మళ్లీ చౌరస్తా, మళ్లీ ఆ దుకాణం, మళ్లీ నా వీపు.

సోమవారం పొద్దున సరోజ అవతల కూర్చునేది. మాట్లాడేది కాదు. నాడె అందుకునేది.

2008

ఒక ఆదివారం బడి గదిలోకి అడుగుపెట్టేసరికి జంపఖానా చివర తిమ్మప్ప కూర్చుని ఉన్నాడు. తెల్ల బట్టలు, మడత నలగని కండువా. నన్ను చూసి ఆయన ముఖం సున్నం కొట్టినట్టయింది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఇద్దరం ఒకరినొకరు ఎరగనట్టు గోడ చూస్తూ ఆ పూట గడిపాం. ఆయన పేరు కూడా చెప్పలేదు.

ఆయనున్న చోట నేను కూర్చోను. కాని ఆదివారం తప్పితే సరోజ లేస్తుంది. నాగర్‌కర్నూలులో కూడా ఒక మీటింగు మొదలైందని ఎవరో చెప్పగా విన్నాను. దూరం ఎక్కువైనా సరేనని తర్వాతి ఆదివారం తెల్లవారుతూనే బయలుదేరి అక్కడికి పోయాను. తలుపు తెరిస్తే లోపల తిమ్మప్ప. నన్ను తప్పించుకోవడానికి ఆయన కూడా అక్కడికే వచ్చాడు.

"నువ్వెందుకొచ్చినవురా ఈడికి?" అని గుసగుసగా అడిగాడు.

"నువ్వు వనపర్తిల ఉంటవని."

"నేనూ గందుకే వస్తి."

తిరుగు ప్రయాణంలో ఒకే బస్సు. ఆయన ముందు, నేను వెనక. మూడు ఊళ్లలో దాక్కోవడానికి మాకు మిగిలిన చోటు లేదు. తర్వాత ఇద్దరం వనపర్తికే పోయాం. చౌరస్తాలో ఆయన ఒక మూల, నేను ఒక మూల, ఇద్దరమూ దుకాణానికి వీపు పెట్టి.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం ఆయన నోరు విప్పాడు. గొంతు సన్నగా వచ్చింది. కులపంచాయితీలో ఆ గొంతు నేను వినలేదు.

"నా మనుమని తొట్టెలనాడు పొద్దుగాల్నే ఇంట్ల తాగిన. యాలక్కాయ నమిలిన. ఎవలకు తెల్వదు. మా సిన్నాయన కొడుకు తాగొచ్చి బంతిల కూసున్నడు. వాని వాసన పట్టినోళ్లు నా వాసన గూడ పడ్తరని భయమైంది. వాన్ని లేపితే అందరు వాన్ని సూస్తరు, నన్ను సూడరు అనుకున్న. చెయ్యి పట్టి లేపిన."

"రెక్క," అన్నాను.

మాసన్న గ్లాసు మీద చెంచాతో కొట్టాడు. ఎదుటివాడు మాట్లాడుతుంటే మధ్యలో పోకూడదు.

నాలుగేళ్ల అనుమానానికి సాక్ష్యం దొరికింది. దొరికిన చోటే దాన్ని వదిలి రావాలి. ఇక్కడ విన్నది బయట అనకూడదు.  వీధిలో ఆయన నడిచిపోతుంటే జనం లేచి నిలబడుతున్నారు. నేను నడిచిపోతే పిల్లలు నన్ను చూసి తూలి నడుస్తున్నారు. ఒక్క మాట చాలు. ఆ మాట నా నోట్లోనే ఉంది. దాన్ని బయట అంటే ఆ గదిలోకి మళ్లీ పోలేను. గది పోతే సరోజ లేస్తుంది. మళ్లీ గుంటలో ఒక్కణ్నే.

సరోజకు కూడా చెప్పలేదు. "ఏమయ్యా, నోట్లె ఏం పెట్టుకున్నవు, మింగుతలేవు, కక్కుతలేవు?" అని ఆమె మగ్గం అవతలి నుంచి అడిగింది. చాలాకాలం తర్వాత ఆమె నాతో ఆడిన మొదటి వేళాకోళం అది.

2009, వరద తర్వాత చలికాలం

అలంపూర్‌లో మా మేనత్త ఉండేది. ఆ ఏడు వరదకు ఆమె ఇల్లు మునిగింది. నీళ్లు దిగాక బురద ఎత్తుకుంటూ మంచాన పడి చలికాలంలో పోయింది. దినానికి నేను, సరోజ పోయాం. గోడల మీద మనిషి ఎత్తు దాటి బురద గీత ఇంకా ఉంది. తిమ్మప్ప పెద్దరికంలో నిలబడి అన్నీ చూస్తున్నాడు. ఆయన మీటింగుకు వస్తున్న సంగతి ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. గుళ్లు తిరుగుతున్నానని చెప్పేవాడు.

బంతి వేస్తుంటే అత్త అల్లుడు నన్ను చూసి వడ్డించేవాళ్లతో గట్టిగా అన్నాడు. "రాఘవన్నకు దర్వాజ కాడ ఆకెయ్యుండ్రి. మల్ల లేపాల్సొస్తే తొవ్వ దగ్గరైతది."

నవ్వులు. నేను మానిన సంగతి తెలిసినవాళ్లు కూడా నవ్వారు. నా నోట్లోని మాట పళ్ల దాకా వచ్చింది. తిమ్మప్ప వైపు చూశాను. ఆయన నా నోటి వైపే చూస్తున్నాడు. దర్వాజ దగ్గర వేసిన ఆకు ముందు కూర్చున్నాను. ఆయన ఏమనుకున్నాడో, పెద్దలు కూర్చునే చోటు వదిలి వచ్చి నా పక్కన ఆకు వేయించుకొని కూర్చున్నాడు.

అత్తవాళ్ల ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. దినంనాడు పోయినవాళ్ల పేరు మీద మందు గ్లాసులో పోసి మొదట పెద్దకు ఇస్తారు. ఆయన ముట్టాకే బంతిలో మగవాళ్లంతా ముడతారు. తర్వాతే అన్నం. నేను ముట్టకపోతే ఎవరూ పట్టించుకోరు, నా మీద గౌరవం లేదు గనుక. ఆయనకు ఆ వెసులుబాటు లేదు.

అల్లుడు చెంబులోంచి గ్లాసులో పోసి ఆయన ముందు వంగాడు. "అన్నా, అత్త పేరు మీద. నువ్వు ముట్టంది ఎవలు ముడ్తరు?"

తిమ్మప్ప చెయ్యి చాచాడు. గ్లాసు దాకా పోయి ఆ చెయ్యి ఆగింది.  వద్దంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే పెద్దరికం పోతుంది. తాగితే మొత్తం పోతుంది. ఆయన పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. మాట రాకపోవడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు.

నాకు వచ్చిన విద్య ఒక్కటే. అదే చేశాను.

"ఆగుండ్రి," అన్నాను. "ఈయన పక్కన కూసొని నేను తినను."

"మల్ల మొదలువెట్టిండు," అన్నారు ఎవరో.

"మొదలువెట్టింది నేను గాదు. తొట్టెలనాడు నా ఆకుల పప్పు వడ్డంక, అన్నం కలపకముందు లేపిండు. ఈ మనిషే. ఈ బంతిల నేనన్న ఉండాలె, ఆయనన్న ఉండాలె."

"దినంనాడు ఏం లొల్లిరా ఇది, సిగ్గు లేదా?"

"లేదు. మీరెవ్వరు లేపరు గనుక నేనే లేపుత."

వంగి తిమ్మప్ప రెక్క పట్టుకొని లేపాను. నాకంటే బలమైన మనిషి. విదిలిస్తే నేను గోడకు పడతాను. ఆయన నూలు కండె లేచినంత తేలిగ్గా లేచాడు. గ్లాసు అల్లుడి చేతిలోనే ఉండిపోయింది. ఆయన రెక్క వదలకుండా దర్వాజ దాటించాను. నిజంగానే తొవ్వ దగ్గరైంది. వెనక నుంచి అందరి తిట్లూ వినిపించాయి. ఎవరెవరు ఏమేమి తిట్టారో గుర్తుంది. ఆడవాళ్ల బంతి దగ్గర సరోజ ఒక్కతే ఏమీ అనకుండా మా ఇద్దరి చేతుల వైపు చూసింది.

సరోజ ఆడవాళ్లతో వెనక వస్తుందని వదిలి, ఇద్దరం బస్టాండులో మిరపకాయ బజ్జీలు కొనుక్కొని బెంచీ మీద కూర్చున్నాం.  ఒక బజ్జీ తిన్నాక ఆయన మెల్లగా అన్నాడు.

"రెక్క పట్టి లేపినవురా."

"నువ్వు లేపినట్టే."

"నేను చెయ్యి పట్టిన."

"రెక్క."

"చెయ్యి."

బస్సు వచ్చింది. ఒకే సీటులో కూర్చున్నాం. ఖాళీ అదొక్కటే ఉంది.

చుట్టాల్లో ఇప్పటికీ నేను దినంనాడు పెద్దమనిషిని బంతిలోంచి లేపినవాణ్ణే. ఎందుకు లేపానో చెప్పుకోవడానికి నాకు వీలు లేకపోయింది. కొంతకాలానికి తిమ్మప్ప తనంతట తానే ఇంట్లో చెప్పుకున్నాడు. ఇది రాస్తానంటే మొదట ఒప్పుకోలేదు. మూడు ఆదివారాలు బస్సులో వాదించాక ఒప్పుకున్నాడు. "రాయి. పేరు మార్చు. చెయ్యి పట్టి లేపిండని రాయి."

పేరు మార్చాను.